పక్కకు పోయిన దెబ్బ

మొన్న మా వీధిలో పెళ్లి ఊరేగింపు పోతుంటే ఎవడో పిల్లగాడు సరిగ్గా మా గేటు ముందు బాంబు పేల్చాడు. నేను అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. ఎడమ చెవిలో గుయ్యిమని మొదలైంది. ఎదురుగా బ్యాండు వాయిస్తున్నారు, ఆడవాళ్లు నవ్వుతున్నారు, అంతా నాకు గోడ అవతల జరుగుతున్నట్టే ఉంది. కాలిన మందు వాసన మాత్రం ముక్కుకు బాగా తెలుస్తోంది. చెవి మళ్లీ తెరుచుకునేదాకా చేతిలో కాయ చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. నాకు కాసేపటికి తెరుచుకుంది. కొమురయ్యకు తెరుచుకోలేదు. కొమురయ్య గుర్తుకొస్తే ఆండాలమ్మ పెద్దమ్మ గుర్తుకు రాకుండా ఉండదు. నేనిప్పుడు ఉంటున్న ఈ జనగామలో ఆమెను ఎరిగినవాళ్లు ఎవరూ లేరు కనుక నేనే చెప్పాలి.

పెద్దమ్మ అంటున్నాను గానీ ఆమె నాకు చుట్టం కాదు. నా మొదటి ఉద్యోగం టేకుమట్లలో, ఆమె ఇంట్లో ముందు గది నాకు కిరాయికిచ్చింది. మాది బచ్చన్నపేట పక్క పల్లె, వాన పడితే పత్తి, పడకపోతే ఏమీ లేదు. అరవై తొమ్మిది ఉద్యమంలో బళ్లు మూతపడి అందరిలాగే నాకూ ఏడాది చదువు పోయింది. ఆ తర్వాత ట్రైనింగు ముగించి, డెబ్భైల నడుమ ఒక జూన్ నెలలో రేకుపెట్టె పట్టుకుని ఆమె వాకిట్లో దిగాను. వాకిట్లో నులకమంచం మీద గోనెసంచి పరిచి, దానిమీద తుపాకి పెట్టుకుని నూనె గుడ్డతో తుడుస్తోంది ఆమె. బక్కపలచని మనిషి, యాభై దాటి ఉంటుంది. నా కాళ్లు గడప దగ్గరే ఆగిపోయాయి.

"ఏంది బిడ్డా, గట్ల నిలవడ్డవు? గిది పందులకు. టీచర్లను ఇంకా కాల్సలే," అంది తల ఎత్తకుండా.

ఉద్యమం నడిచిన ఏడే ఆమె భర్త పోయాడట. ఇద్దరు కూతుళ్లు పెళ్లిళ్లయి భూపాలపల్లి అవతల ఉన్నారు. అడవి అంచున ఉన్న మక్కచేనును, అంటే మొక్కజొన్న చేనును, ఆమె ఒక్కతే చేయించేది. ఆ చేనుకు అడవిపందుల బాధ అంతా ఇంతా కాదు. పంది మక్క కంకులు తినడమే కాదు, తిన్నదానికి పదింతలు తొక్కుతుంది. కంకి పాలు పోసుకునే రోజుల్లో ఒక్క మంద దిగితే తెల్లారేసరికి చేను రోడ్డులా చదునైపోయేది. అందుకని పంట కాపలాకు భర్త పేర ఉన్న తుపాకి లైసెన్సును ఆమె తన పేర మార్పించుకుంది. ఆడమనిషికి తుపాకి ఏమిటని మరిది నవ్వితే, పందులకు ఆ తేడా తెల్వదులే అన్నదట.

తుపాకి ఆమెది, చెవి కొమురయ్యది. కొమురయ్య ఆమె అత్తగారి కాలం నుంచి ఆ ఇంట్లో జీతం ఉన్నవాడు. పొద్దుగూకే వేళ ఇద్దరూ చేనులో మంచె ఎక్కేవాళ్లు. నలుగురు కూర్చుంటే కూలిపోయేంత చిన్న మంచె అది. మాట్లాడితే పందులు పసిగడతాయి కనుక వాళ్లకు మాటల్లేవు. కొమురయ్య ఆమె కుడిపక్కన కూర్చుని వినేవాడు. అలికిడి వినపడగానే ఆమె మోచేతిని వేళ్లతో తాకేవాడు. ఒక్కసారి తాకితే ఎదుట, రెండుసార్లు తాకితే వాగు వైపు. మోచేతిని కొంచెం నెడితే ఇంకా ఇవతలికి రానివ్వమని అర్థం. నేను రెండు మూడుసార్లు సరదాకి మంచె కింద, అక్కడ పడుకునే కుక్క పక్కన కూర్చుని చూశాను. నా చెవికి గాలి తప్ప ఏమీ వినపడేది కాదు, అప్పటికే పైన ఆమె తుపాకి ఎత్తేది.

పంది పడితే పంచుకోవడానికి ఆ చుట్టుపక్కల చేన్లవాళ్లకు ఒక కట్టుబాటు ఉండేది. తలకాయ, తుపాకి కాల్చినవాళ్లది. తొడ, మొదట అలికిడి విన్నవాళ్లది. మిగతాది వచ్చినవాళ్లందరికీ. పెద్దమ్మ ఆ మాంసం ముట్టేది కాదు, తన తలకాయ ఎవరికో ఒకరికి ఇచ్చేసేది. కానీ పంపకం మాత్రం తనే దగ్గరుండి చేసేది. తొడ కొమురయ్య మోదుగాకుల్లో పెట్టేటప్పుడు ఆమె ముఖంలో ఒక సంబరం కనిపించేది. అది మాంసం సంగతి కాదు. ఊరందరి ముందు అతని చెవికి దక్కిన మర్యాద.

నేను వెళ్లిన రెండో ఏడు ఆమె కుడి భుజం పాడైంది. తుపాకి పేలినప్పుడల్లా దాని మడమ భుజాన్ని వెనక్కి తన్నుతుంది. ఒంటిమీద కండ లేని మనిషి, ఎన్నేళ్లని తట్టుకుంటుంది? ఒకరోజు వీపు రుద్దమని పిలిస్తే చూశాను. భుజం ముందువైపు అంతా నల్లగా కమిలి ఉంది. ఉప్పు మూట వేడిచేసి కాపడం పెడుతుంటే పళ్లు బిగబట్టుకుంది.

"నొప్పికి భయపడత లేను బిడ్డా. తుపాకి పేలకముందే కండ్లు మూసుకుంటున్న. గురి తప్పుతాంది," అంది.

అంతకు ముందు వారమే ఒక పంది వెనక కాలు విరిగి చేను గట్టున పడి ఉంది. కొమురయ్య గొడ్డలితో దాని బాధ తీర్చేదాకా అది అరిచిన అరుపు పెద్దమ్మ మరవలేకపోయింది. చంపితే చంపాలి గానీ ఇదేం పాపం అని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

తుపాకి గొట్టం చివర బిగించే ముక్క ఒకటుంటుందని, అది ఉంటే తన్ను సగానికి సగం తగ్గుతుందని మిలిటరీ నుంచి దిగిన చుట్టమొకాయన ఆమెకు చెప్పాడు. దాన్ని మజిల్ బ్రేక్ అంటారని నాకు తర్వాత తెలిసింది. మేము మాత్రం మూతి అనేవాళ్లం. పెద్దమ్మ పుట్టిల్లు నెల్లికుదురు. అక్కడికి దగ్గరున్న మానుకోటలో, అదే మహబూబాబాద్‌లో, ఆమె తండ్రి కాలం నుంచి వాళ్ల ఆయిల్ ఇంజన్లు బాగుచేసే యాకూబ్ భాయ్ ఉన్నాడు. లేతు మిషను మీద ఏదైనా తీస్తాడని పేరు. దసరా సెలవుల్లో నన్ను తోడు తీసుకుని బయలుదేరింది. తుపాకిని బొంతలో చుట్టి ఒళ్లో పెట్టుకుంటే, అదేమిటని కండక్టర్ అడిగాడు. రోకలి, మా తమ్ముని ఇంట్ల లగ్గముంది అని చెప్పింది ఏమాత్రం తడుముకోకుండా. అంత బరువు రోకలా అని అతను ఆశ్చర్యపోతే, మా దిక్కు పసుపు గట్టిగ ఉంటది అంది. నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాపుకోలేక చచ్చాను.

యాకూబ్ భాయ్ బొటనవేలంత ముక్క తయారుచేసి, దానికి రెండు పక్కలా సందులు కోసి, గొట్టం చివర మరలు తిప్పి బిగించాడు. మందు పేలినప్పుడు వచ్చే గాలి ఆ సందుల్లోంచి పక్కలకు తన్నుతుందని, దాంతో తుపాకి వెనక్కి రాదని విడమరిచి చెప్పాడు. పెద్దమ్మ ముచ్చటపడి దాన్ని వేలితో తడుముతుంటే ఆయన ఒక మాట అన్నాడు.

"దెబ్బ గాయబ్ కాదు ఆపా. భుజానికి తగ్గిందంటే బాజూకు పోతది. చప్పుడు బహుత్ ఉంటది. బాజూల మనిషిని నిలవెట్టొద్దు."

"నా బాజూల ఎవలుంటరు భాయ్, కొమురయ్య తప్ప," అంది పెద్దమ్మ నవ్వుతూ.

ఆ మాట ఆమె నోటితో ఆమే అన్నది. విన్నది కూడా. కానీ కొమురయ్యను మనిషిగా వేరే లెక్కపెట్టే అలవాటు ఆమెకు లేదు. చిన్నచూపు కాదు. మంచె మీద అతను ఆమె ఒంట్లో భాగం. తన చెవి తన పక్కన ఉంటుందని ఎవరైనా అనుకుంటారా? ఎన్నోసార్లు ఆలోచించి నేను తేల్చుకున్నది ఇదే.

మర్నాడే చేనులో పేల్చి చూసింది. పేలిన చప్పుడుకు అంత దూరాన ఉన్న నేనే చెవులు మూసుకున్నాను. పెద్దమ్మ మాత్రం మంచె దిగి చిన్నపిల్లలాగా వచ్చింది. "తన్నుడే లేదు బిడ్డా. నెమ్మదిగ భుజం తట్టినట్టున్నది," అంది. ఆమె వెనక కొమురయ్య నిచ్చెన మెట్టు పట్టుకుని కొంచెంసేపు అక్కడే ఆగాడు. ఎడమ చెవిని అరచేత్తో నొక్కుకుని, నేను చూస్తున్నానని నవ్వాడు. మా ఊరినుంచి తెచ్చిన పత్తి ఇస్తే, ఉండలు చేసి చెవుల్లో పెట్టుకున్నాడు కూడా. కానీ ఆ సాయంత్రం మంచె ఎక్కగానే తీసి రొండిన దోపుకున్నాడు. అతని పనే వినడం. చెవుల్లో పత్తి పెట్టుకుని పందుల అలికిడి ఎలా వింటాడు? వినకపోతే ఆ మంచె మీద అతనికి పనేముంది?

ఆ ఏడు, ఆ పై ఏడు పంట బాగా దక్కింది. పెద్దమ్మ గురి మళ్లీ కుదిరింది. భుజం మామూలు రంగుకొచ్చింది. వంట చేస్తూ కూనిరాగాలు తీసేది. ఇంట్లో అందరం ఆ మూతిని మెచ్చుకున్నాం. కొమురయ్యను పిలిస్తే రెండోసారికి గానీ పలకకపోవడం, బజారులో నవ్వాల్సిన చోట నవ్వకపోవడం మేము చూస్తూనే ఉన్నాం. ముసలితనం వస్తోందని ఆటపట్టించాం కూడా.

ఆ తర్వాతి పంటకాలంలో ఒక సాయంత్రం, పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు. పక్కచేను మల్లయ్య, ఇటు దిగినయ్ అని ఈల వేసి కేక పెట్టాడు. కేక విని పెద్దమ్మ అటు తిరిగి కాల్చింది. పెద్ద మగపంది పడింది. చేన్లవాళ్లు పోగయ్యారు, నేనూ వెళ్లాను. పంపకం దగ్గర పెద్దమ్మ అలవాటు ప్రకారం తొడ తీసి కొమురయ్య ఆకుల్లో పెట్టింది. అతను దాన్ని రెండు చేతులతో ఎత్తి మల్లయ్య ముందు పెట్టాడు.

"గిది నాది గాదు. నేను ఇనలే," అన్నాడు.

పెద్దమనసు చేసుకుంటున్నాడని అందరూ నవ్వారు. పెద్దమ్మ కూడా నవ్వి, "ఒక్కనాడు ఇనకపోతే ఏమాయె, ఉంచుకో," అంది. ఆ మాట అతనికి అందలేదు. ఆమె పెదవుల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆమె నవ్వు ఆగిపోయింది. దగ్గరికి వెళ్లి అదే మాట గట్టిగా అంది.

"ఇయ్యాల ఒక్కనాడు గాదమ్మా," అన్నాడు కొమురయ్య. "పోయిన పంట సంది సక్కగ ఇంటలేను. కుక్క మంచె కింద పండుకుంటది గద, దాని చెవులు ఎటు లేస్తె అటు నీకు జెప్తున్న. ఇయ్యాల కుక్క రాలే."

తొడ మల్లయ్య ముందు అలాగే ఉంది. అతనూ దాన్ని ముట్టలేదు. ఎందుకు చెప్పలేదని పెద్దమ్మ అడగలేదు. ఎందుకు చెప్పలేదో అక్కడున్న అందరికీ తెలుసు. చెవి పోయిన కాపలావాడిని ఎవరు ఉంచుకుంటారు? అబద్ధపు చెవితో ఏడాది నెట్టుకొచ్చిన మనిషి, తనది కాని తొడ మాత్రం తీసుకోలేకపోయాడు.

మరుసటి వారం పెద్దమ్మ అతన్ని వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. నేనూ వెంట ఉన్నాను. చెవి లోపల నరం చచ్చిందని, ఎడమది పూర్తిగా పోయిందని, కుడిదాంట్లో కొంచెం మిగిలిందని, మందు లేదని డాక్టరు చెప్పాడు. ఎందుకు పోయిందని పెద్దమ్మ అడిగింది. చప్పుడుకు అన్నాడు ఆయన. బస్సులో వస్తుంటే పెద్దమ్మ కొమురయ్యకు కుడిపక్కన కూర్చుంది. దారి పొడుగునా తన కుడి భుజాన్ని ఎడమచేత్తో పట్టుకునే ఉంది. నొప్పిగా ఉందా అని అడిగితే, "లేదు బిడ్డా. జర గూడ లేదు," అంటూ ఏడ్చింది. ఆమె ఏడవగా నేను చూడటం అదొక్కసారే.

ఇంటికి రాగానే మూతిని మరలు విప్పి తీసి, వంటింటి కిటికీలో ఉప్పు జాడీ పక్కన పెట్టింది. అన్నం వండినప్పుడల్లా అది కంటబడేది. పారేయరాదా పెద్దమ్మా అని నేనంటే, పారేస్తే మరిచిపోత అంది. ఆ తర్వాత ఎన్నికలొచ్చాయి. ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో అప్పగించాలి. అందరూ మళ్లీ వెళ్లి తెచ్చుకున్నారు, ఆమె వెళ్లలేదు. మక్కలు మానేసి, పందులు ముట్టని నువ్వులు, ఆముదాలు వేసింది. రాబడి తగ్గింది. ఒకనాడు మరిది వచ్చి వాకిట్లోనే ఆమె మీద లేచాడు.

"జీతగాని చెవి కోసం బంగారమసొంటి మక్కచేను ఇడిసిపెడ్తవా వదినె?"

"నా భుజం కోసం ఆయన చెవి తీసుకోలేదా మరి," అంది ఆమె, చేటలో బియ్యం ఏరుతూనే.

కొమురయ్యను చేను కాడే ఉంచింది. కాపలాకు ఏమీ లేని చేనుకు కాపలావాడు. రోజూ సాయంత్రం అక్కడికి వెళ్లి అతని కుడి పక్కన కూర్చుని ఊళ్లో సంగతులన్నీ చెప్పేది. ఎవరింటి బర్రె ఈనింది, ఎవరు ఎవరితో మాటలు మానేశారు, అన్నీ. అతనికి వినపడాలంటే అరవాలి. అరిస్తే నాలుగు చేన్ల అవతలికి వినపడేది. ఊళ్లోని గుట్టంతా అలా బయటపడుతోందని కొందరు మొత్తుకున్నారు కూడా. మల్లయ్య మాత్రం ఆ వేళకు తన పని ఆపి గట్టు మీద హాయిగా కూర్చునేవాడు.

పెద్దమ్మ మీద కోపం లేదా అని నేనొకసారి కొమురయ్యను అడిగాను. "అమ్మ మీద ఏం కోపం. ఆమె కావాలని చేసిందా? కాని పొద్దుగాల్ల లేస్తె పిట్టలుండయ్, గాలి ఉండది. లోకం నన్నిడిసి పోయినట్టున్నది. చెవుల్ల కీచురాళ్లు మాత్రం ఆగయ్, ఎండకాలం గూడ కీచురాళ్లే," అన్నాడు. ఆమె వచ్చి కూర్చున్నంతసేపు అవి జర తగ్గుతాయని కూడా అన్నాడు.

ఎనభైల మొదట్లో నాకు సొంత ఊరి దగ్గరికి బదిలీ కుదిరింది. ఆఫీసులో ఒకాయన పూనుకుని చేయించాడు. ఆనందం పట్టలేక మిఠాయి పొట్లంతో పెద్దమ్మ దగ్గరికి పరుగెత్తాను. ఆమె మిఠాయి నోట్లో వేసుకుని, మంచిగైంది బిడ్డా అని తల నిమిరింది. ఆ తర్వాత మామూలుగానే, "నీ జాగల ఎవలొస్తున్నరు?" అని అడిగింది. నాకు తెలియదు. కనుక్కుంటే, అక్కడ పనిచేస్తున్న చంటిబిడ్డ తల్లి ఒకామె, భర్త మానుకోటలో ఉంటాడట, నా కోసం ఆమెను ఇక్కడికి ఎత్తేస్తున్నారని తెలిసింది. వద్దని పెద్దమ్మ ఒక్క మాట కూడా అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఆమె మీద చాలా కోపం కూడా వచ్చింది. తెల్లారి వెళ్లి బదిలీ వద్దని రాసిచ్చాను. కొన్నేళ్లకు ఎవరినీ కదిలించకుండానే భూపాలపల్లిలో ఖాళీ దొరికింది, అప్పుడు వెళ్లాను.

పెద్దమ్మ పోయిన కబురు నాకు అక్కడే అందింది. జ్వరం మూడు రోజులు కూడా లేదట. నేను వెళ్లేసరికి మధ్యాహ్నం దాటింది. కూతుళ్లు వచ్చారు, ఊరు ఊరంతా వాకిట్లో ఉంది. పొద్దుటి నుంచి డప్పు మోగుతూనే ఉంది. చావు కబురు ఊళ్లో ఎవరూ ఎవరికీ చెప్పరు. డప్పు విని అందరూ వస్తారు. ఎవరెవరు వచ్చారా అని చూశాను. కొమురయ్య లేడు. డప్పు మోగుతోంది కదా, తెలిసే ఉంటుందని అందరూ అనుకున్నారు.

నేనే చేను కాడికి పోయాను. అతను మంచె నీడలో ఒక గోనెసంచి పరిచి, తన కుడిపక్క ఆమె కూర్చునే చోట ముళ్లు, రాళ్లు ఏరి శుభ్రం చేస్తున్నాడు. డప్పు అక్కడికి బాగా వినపడుతోంది. నన్ను చూసి ముఖం విప్పారింది.

"టీచరమ్మా, ఎప్పుడొచ్చినవ్ బిడ్డా? అమ్మ నిన్న మొన్న రాలే. పానం మంచిగలేదా?"

నేను ఆ గోనెసంచి మీద కూర్చున్నాను. పెద్దమ్మ కాలం చేసింది అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు, ఇక అతనికేం వినపడుతుంది? జర గట్టిగ జెప్పు అని కుడి చెవి నా వైపు వంచాడు. ఇంకొంచెం పెంచి చెప్పాను. అందలేదు. చేత్తో సైగ చేసి చెప్పడానికి మనసొప్పలేదు. అలాంటి మనిషి చావును ఎవరైనా చేతులు తిప్పి చెబుతారా? పెద్దవాళ్ల విషయంలో మనం అనకూడని మాటే అనవలసి వచ్చింది, అదీ అతని చెవి దగ్గర నోరు పెట్టి, ఉన్న గొంతంతా పెట్టి.

"పెద్దమ్మ సచ్చిపోయింది," అని అరిచాను. పక్కచేనులో కొంగలు లేచిపోయాయి. అతని ముఖంలో మార్పు లేదు. వినపడలేదనుకుని మళ్లీ అరిచాను. మళ్లీ అరిచాను. అప్పుడు కొమురయ్య మట్టి అంటిన చెయ్యి ఎత్తి మెల్లగా నా నోటికి అడ్డం పెట్టాడు.

"అరువకు బిడ్డా. మొదటిసారే ఇనబడ్డది."

ఆ తర్వాత నేను చాలా ఊళ్లలో పనిచేశాను, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. నాకు సుఖం కలిగే ఏ పనికైనా సంతకం పెట్టేముందు దాని పక్కన ఎవరు నిలబడి ఉన్నారో వెతకడం అలవాటైంది. వెతికితే ప్రతిసారీ ఎవరో ఒకరు ఉంటారు. దానివల్ల నష్టపోయాను, చాదస్తమని అనిపించుకున్నాను, కొన్నిసార్లు వెతకకుండా ఉంటే బాగుండునని విసుక్కున్నాను కూడా. కానీ అది ఆమె నాకిచ్చిన బుద్ధి, వదలదు. మరొకటి కూడా వదలలేదు. ఎవరి చావు కబురైనా చెప్పవలసి వస్తే నేను ఒక్కసారే చెబుతాను, వినపడిందా అని అడగను.